బండి విప్పి చూసిన జి.డి. నాయుడు

వార్షికోత్సవ సంచికకు ఒక మహనీయుడి జీవితం రాయమని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు మా గదిలో పెద్ద చర్చే జరిగింది. అంబేద్కర్ గారి గురించి ప్రతి ఏడూ వస్తుంది, రావాలి కూడా. ఫూలే గారి గురించి జూనియర్ తమ్ముళ్లు ముందే రాసేసుకున్నారు. జాషువా గారిని తెలుగు ఎం.ఏ. వాళ్లు ఇంకొకరికి వదలరు. మిగిలిన మేము ఎవరిని పట్టుకోవాలా అని వారం రోజులు ఆలోచించి చివరికి కోయంబత్తూరులో పుట్టిన ఒక తెలుగాయనను ఎంచుకున్నాం. ఆయన పేరు గోపాలస్వామి దొరస్వామి నాయుడు. అందరూ జి.డి. నాయుడు అంటారు. మేము ఆయన దాకా వెళ్లింది పాఠ్యపుస్తకం గుండా కాదు. ఒక మోటారు సైకిలుకు దొంగల అలారం బిగించబోయి ఆయన దగ్గర తేలాం. అందుకని ముందు ఆ సంగతి చెప్పాలి.

మన హాస్టల్లో ఒక సీనియర్ అన్న ఉన్నాడు. పగలు క్లాసులు, సాయంత్రం నుంచి రాత్రి పదకొండు దాకా దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ వైపు ఇంటింటికీ భోజనం పార్సిళ్లు అందించే పని. ఆ పనికి బండి లేనిదే కుదరదు. ఊళ్లో అక్క కమ్మలు కుదువబెట్టి సెకండ్‌హ్యాండ్ బండి ఒకటి కొన్నాడు. నాలుగు నెలలు తిరగకముందే, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటరు ముందు ఆపి మెట్లెక్కి దిగేసరికి బండి లేదు. పోలీస్ స్టేషనులో దరఖాస్తు ఇచ్చాడు. ఇన్సూరెన్సు థర్డ్ పార్టీది మాత్రమే కావడంతో రూపాయి కూడా రాలేదు. బండి పోయినా కమ్మల మీద వడ్డీ ఆగదు కదా. ఆరు నెలలు మెస్సులో తిని, చాయి కూడా మానేసి, పాత స్ప్లెండర్ ఒకటి మళ్లీ తెచ్చాడు. ఈసారి రాత్రిపూట నిద్రలో లేచి కిటికీలోంచి బండి ఉందా లేదా అని చూడటం మొదలుపెట్టాడు. మనిషి సగమయ్యాడు.

వినాయక చవితి వస్తోంది. బాలాపూర్ సంగతి మీకు తెలియనిది కాదు. 1994లో 450 రూపాయలతో మొదలైన లడ్డూ వేలంపాట ఇప్పుడు లక్షల్లోకి వెళ్లింది. నిమజ్జనం రోజు పొద్దున్నే ఆ పాట చూడటానికి వచ్చే జనంలో మన గల్లీల్లో నిలిపే బండ్లకు లెక్కే ఉండదు. ఆ లోపల ఏదో ఒకటి చేయాలని నలుగురం తలా కొంత వేసుకుని కోఠి వైపు వెళ్లి ఒక అలారం కిట్టు కొన్నాం. డబ్బాలో చిన్న పెట్టె, ఒక సైరన్, రెండు రిమోట్లు, రంగురంగుల తీగల కట్ట, ఎవరికీ అర్థం కాని కాగితం ఒకటి. బిగించడానికి షాపువాడు అడిగిన కూలి అలారం ధరలో సగం దాకా ఉంది. మనమే బిగిద్దామనుకున్నాం. మాలో ఒకరు ఐటిఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు చేసి డిగ్రీలోకి వచ్చినవాడు. ఇంకొకరు ఫిజిక్స్ ఎం.ఎస్సీ. మిగతావాళ్లం చేతికి స్క్రూడ్రైవరు అందించేవాళ్లం.

ఆదివారం హాస్టల్ ఆవరణలో వేపచెట్టు కింద బండి నిలబెట్టి సీటు, పక్క డోములు విప్పాం. ఆ రోజు దాకా మేమంతా బండి నడిపినవాళ్లమే గాని సీటు కింద ఏముందో చూసినవాళ్లం కాదు. తీగలు చూసి మొదట భయం వేసింది. తర్వాత ఒక్కొక్కటే పట్టుకుని పోతే ఏది ఎక్కడికి వెళుతుందో తెలిసింది. ఎర్ర తీగ మధ్యలో ఫ్యూజు పెట్టి బ్యాటరీ ప్లస్‌కు. నల్ల తీగ ఎర్త్‌కు. రెండు సన్న తీగలు ఇండికేటర్లకు, అలారం మోగినప్పుడు అవి మినుకుమినుకుమనాలి కాబట్టి. ఇంకొకటి తాళంచెవి దగ్గరి తీగకు. మరొకటి ఇంజనుకు మంట అందకుండా ఆపేది. అన్నీ కలిపి రిమోట్ నొక్కితే సైరన్ పలకలేదు. గంటసేపు తంటాలు పడ్డాక తెలిసింది, నల్ల తీగను రంగు వేసిన బోల్టుకు బిగించామని. ఆ రంగు గరుకు కాగితంతో గీకి ఇనుము తేల్చాక ఒక్క కూత పెట్టింది. మెస్సులో అన్నం తింటున్నవాళ్లు కూడా లేచి వచ్చారు.

ఆ గంట తంటాలప్పుడే మా ఎం.ఎస్సీ. మిత్రుడు నాయుడు గారి కథ చెప్పాడు. అంతకు ముందు నెలలో ఒక ఇంటర్వ్యూకు కోయంబత్తూరు వెళ్లి, రైలుకు టైముండి, అవినాశి రోడ్డులో ఆయన పేరున ఉన్న మ్యూజియం చూసి వచ్చాడు. అక్కడి నుంచి మేము ఆయన వెంట పడ్డాం.

నాయుడు గారు 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో పుట్టారు. ఇంట్లో మాట్లాడేది తెలుగు. విజయనగర రాజుల కాలం నుంచి అరవదేశంలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు కొంగునాడులో చాలా ఉన్నాయి, ఇవాళ్టికీ ఉన్నాయి. తండ్రి గోపాలస్వామి నాయుడు రైతు. తల్లి ఆయన పసితనంలోనే పోయింది. బడి ఆయనకు పడలేదు. పంతులు మీద ఇసుక చల్లి బడి నుంచి బయటపడ్డాడని చెబుతారు. చదువు కొద్ది తరగతులతో సరి. పొలం పనిలో పడ్డాడు.

అప్పుడు ఆ ఊరికి ఒక ఇంగ్లీషు రెవెన్యూ అధికారి మోటారు సైకిలు మీద వచ్చాడు. ఎద్దులు లేకుండా, గుర్రం లేకుండా, తొక్కకుండా పోయే బండి. ఆ పల్లెలో అదే మొదటిసారి చూడటం. అందరూ నోరు తెరుచుకుని చూశారు. నాయుడు కూడా చూశాడు. అయితే మిగతావాళ్లు బండి వెళ్లిపోయాక పొలాలకు వెళ్లారు. ఈయన ఊరు వదిలి కోయంబత్తూరు వెళ్లి ఒక హోటల్లో సర్వరుగా చేరాడు. బండి కొనడానికి డబ్బు కూడబెట్టడం ఒక్కటే ఆ పని ఉద్దేశం. ఇడ్లీలు వడ్డించి, ఎంగిలి బల్లలు తుడిచి, కొన్నేళ్లకు మూడు వందల రూపాయల చిల్లర పోగుచేసి, ఆ అధికారినే వెతికి పట్టుకుని ఆ బండి కొన్నాడు. అది రడ్జ్ కంపెనీ బండి, 1912 నాటిది. ఇంగ్లండులో కోవెంట్రీ పట్టణంలో తయారైంది.

కొన్నవాడు ఊళ్లో తిరిగి చూపించుకోవాలి. మేమైతే అదే చేసేవాళ్లం, అబద్ధం ఎందుకు. ఈయన దాన్ని ముక్కముక్కలుగా విప్పేశాడు. విప్పి, కడిగి, ఏ ముక్క ఏం చేస్తుందో చూసి, మళ్లీ బిగించాడు. చెప్పేవాళ్లు లేరు, పుస్తకం ఉన్నా చదవగలిగే ఇంగ్లీషు అప్పటికి లేదు. ఒక నట్టు పోతే కోవెంట్రీ నుంచి రావాలి. మూడు వందల రూపాయలు, కొన్నేళ్ల చాకిరీ నేల మీద గుడ్డ పరిచి పెట్టుకున్న ధైర్యం అది. మేము ఒక్క సీటు విప్పడానికే నాలుగుసార్లు ఆలోచించాం.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట. ఆ కాలపు బండ్లకు బ్యాటరీ ఉండేది కాదు. ఇంజను తిరుగుతుంటే మాగ్నెటో అనే పరికరం తనంతట తానే మంట పుట్టించేది. తాళంచెవి అనే ప్రసక్తే లేదు. చక్రానికి గొలుసు బదులు తోలు పట్టీ. ఎవరైనా తోసుకుని పోవచ్చు, ఎవరైనా స్టార్టు చేయవచ్చు. మరి దొంగలు పట్టుకుపోలేదా అంటే, పట్టుకుపోయి ఏం చేస్తారు? దాన్ని నడపటం తెలిసినవాడు ఆ జిల్లాలో వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. బండ్లు అందరికీ వచ్చాకే బండి దొంగ కూడా వచ్చాడు, వాడి వెనుక అలారం వచ్చింది.

ఆ బండి నేర్పిన విద్యతో నాయుడు గారు మెకానిక్ పని చేశారు. తర్వాత తిరుప్పూరులో పత్తి జిన్నింగు పెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో పత్తికి గిరాకీ బాగుండి డబ్బు వచ్చింది. ఆ ఊపులో బొంబాయి వెళ్లి పత్తి వ్యాపారంలో దిగి ఉన్నదంతా పోగొట్టుకుని తిరిగివచ్చారు. జీవితచరిత్రలు రాసేవాళ్లు ఈ బొంబాయి సంగతి ఒక్క ముక్కలో దాటేస్తారు. మాకు మాత్రం అది చదివినప్పుడు మా అన్న కోచింగ్ సెంటరు మెట్లు దిగి ఖాళీ స్థలం చూసిన క్షణం గుర్తుకు వచ్చింది. ఇద్దరూ మళ్లీ పనిలోకి వెళ్లారు.

కోయంబత్తూరులో స్టేన్స్ అనే ఇంగ్లీషు వ్యాపారి ఉండేవాడు. ఆయన నాయుడు గారి చేతి పనితనం చూసి సాయం చేశాడు. 1920లో ఒక బస్సు కొని పొల్లాచ్చి, పళని మధ్య తామే డ్రైవరుగా నడిపారు. పళని అంటే మురుగన్ గుడి, యాత్రికులకు కొదవ లేదు. ఒక బస్సు రెండయింది, రెండు పదులయ్యాయి. యు.ఎం.ఎస్. అనే పేరుతో దక్షిణాదిలో చెప్పుకోదగ్గ బస్సుల సంస్థ అయింది. సొంత వర్క్‌షాపులోనే బస్సుల మరమ్మతులు. బస్సు టైముకు రావడం, టైముకు పోవడం ఆయన పట్టుదల. మన బస్టాపుల్లో నిలబడి కాళ్లు పీకించుకునే మనకు ఈ ఒక్క సంగతికే ఆయనకు దండం పెట్టాలనిపిస్తుంది.

బస్సులు నిలదొక్కుకున్నాక ఆయన చేయి ఊరుకోలేదు. బ్యాటరీ సెల్లుతో నడిచే గడ్డం గీసే మిషను చేసి దానికి రసంత్ అని పేరు పెట్టారు. పలచని బ్లేడు, పండ్ల రసం తీసే యంత్రం, కిరోసిన్‌తో తిరిగే ఫ్యాను చేశారు. కరెంటు లేని ఊళ్లను దృష్టిలో పెట్టుకుంటే ఆ ఫ్యాను విలువ తెలుస్తుంది. 1937లో డి. బాలసుందరం నాయుడు గారితో కలిసి ఎలక్ట్రిక్ మోటారు తయారు చేశారు. మన దేశంలో తయారైన మొదటి మోటారుగా దాన్ని చెబుతారు. కోయంబత్తూరు ఇవాళ మోటార్లకు, పంపుసెట్లకు పేరు పడిందంటే ఆ దారి అక్కడ మొదలైంది. మా ఊళ్లలో బోరు మీద తిరిగే మోటార్లలో కోయంబత్తూరువి ఎన్నో, ఈసారి ఊరికి వెళ్లినప్పుడు రేకు మీద రాసింది చూడండి. 1941లో అయిదు వాల్వుల రేడియోను డెబ్బై రూపాయలకే చేసి ఇవ్వగలనని ప్రకటించారు. 1952లో ఇద్దరు కూర్చునే పెట్రోలు కారు చేశారు, ఖరీదు రెండు వేలు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. ఆ కారు అక్కడితో ఆగిపోయింది. కొత్త పత్తి, మొక్కజొన్న, బొప్పాయి రకాల మీద కూడా పని చేశారు. సి.వి. రామన్, విశ్వేశ్వరయ్య వంటివారు ఆయన తోట చూడటానికి వచ్చారు.

అలారం బిగించిన మాకు ఎక్కువగా నచ్చింది ఆయన ఓట్ల యంత్రం. ఆయన 1930లలో రాష్ట్ర ఎన్నికల్లో ఒకసారి నిలబడి ఓడిపోయారు. ఎవరూ చేయిపెట్టి మార్చడానికి వీలులేని ఓట్లు నమోదు చేసే యంత్రం ఒకటి తయారు చేశారు. అది ఎన్నికల దాకా వెళ్లలేదు. మన దేశంలో ఓటింగ్ మిషన్లు మొదటిసారి వాడింది 1982లో, కేరళలోని పరవూరులో. ఆ మిషన్లు చేసే రెండు సంస్థల్లో ఒకటి మన హైదరాబాదు ఇ.సి.ఐ.ఎల్. ఒక తీగను కదిలిస్తే మోగాలి, ఒక మీటను రెండుసార్లు నొక్కితే లెక్కలోకి రాకూడదు. సొమ్మయినా ఓటయినా కాపలా యంత్రం ఆలోచించాల్సింది ఇంచుమించు ఒకటే.

ఆయనకు కెమెరా పిచ్చి కూడా ఉండేది. గాంధీ, నెహ్రూ, సుభాష్ చంద్రబోస్ ఆయన కెమెరాకు చిక్కారు. 1936లో లండన్‌లో అయిదో జార్జి రాజు అంతిమయాత్రను స్వయంగా ఫిల్ము తీశారు. అదే కాలంలో జర్మనీలో హిట్లరును కలిశారు. ఈ కడపటి సంగతి మాకు మింగుడు పడలేదు. అయినా మహనీయుల కథల్లో నచ్చనివి తీసేసి రాయడం మాకు ఇష్టం లేదు కనుక ఉంచాం.

ఇప్పుడు మా గదిలో రెండు రాత్రులు లైటు ఆర్పనివ్వని విషయం. 1944లో ఆయన బస్సుల వ్యవహారం నుంచి తప్పుకుని, పరిశోధన విద్యార్థులకు, తన ఉద్యోగులకు, అణగారిన వర్గాల వారికి సాయం ప్రకటించారు. 1945లో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరుతో పాలిటెక్నిక్, ఇంజనీరింగు కళాశాల రావడానికి ఆయనే మూలం. ఆ కళాశాలే ఇవాళ్టి గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ. కొద్ది తరగతులే చదివిన మనిషి ఇంజనీరింగు కాలేజీకి ప్రిన్సిపాల్ అయ్యాడు. అయ్యాక ఆయన అడిగిందేమిటంటే, నాలుగేళ్లు ఎందుకు అని. ఇంతకాలం పుస్తకాలతో కూర్చోబెట్టడం వృథా, పని చేయించి తక్కువ కాలంలో నేర్పవచ్చు అన్నది ఆయన వాదం. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన తప్పుకున్నారు. తర్వాత తన పద్ధతిలో కొద్ది వారాల్లో రేడియో, మోటారు పనులు నేర్పించారు.

మా ఐటిఐ మిత్రుడు నూటికి నూరుపాళ్లు నాయుడు గారి పక్షం. రంగు వేసిన బోల్టు సంగతి ఎం.ఎస్సీ.కి తెలియలేదు, తనకు తెలిసింది కదా అని. నిజమే. ఆ సాయంత్రం ఎవరి దగ్గర సమాధానం లేదు. కాని తెల్లవారి మళ్లీ వాదన లేచింది. మాలో అందరం ఇంట్లో మొదటి డిగ్రీ వాళ్లం. నాయుడు గారికి కాగితం అక్కర్లేకపోవడానికి వెనుక తండ్రి పొలం ఉంది. ఆయన కోయంబత్తూరు హోటల్లో సర్వరుగా చేరగలిగాడు. ఆ రోజుల్లో మా తాతల్లాంటి వాళ్లను హోటళ్లలో బల్ల దగ్గర కూర్చోనిచ్చేవాళ్లు కాదు, ఇక వడ్డించడానికి పెట్టుకుంటారా? మూడు వందలు కూడబెట్టే తలుపు మా తాతకు తెరుచుకునేదే కాదు. స్టేన్స్ దొర దాకా వెళ్లడం సంగతి సరే సరి. మనకు ఆ తలుపు తీసింది హాస్టలు, స్కాలర్‌షిప్పు, చేతిలోని కాగితం. అందుకని డిగ్రీ వృథా అని ఆయన అంటే మేము వినం. విప్పి చూడకుండా చదవడం వృథా అంటే తల వంచుకుంటాం. నాలుగేళ్లు విద్యుత్తు గురించి పరీక్షలు రాసి తొంభై మార్కులు తెచ్చుకున్నవాడు ఎర్త్ ఎక్కడ తీసుకోవాలో తెలియక వేపచెట్టు కింద చెమటలు కక్కాడు. ఇది రాస్తున్నది వాడే.

నాయుడు గారు 1974 జనవరి 4న, ఎనభై ఏళ్ల వయసులో కన్నుమూశారు. కోయంబత్తూరులో ఆయన మ్యూజియం ఉంది, పాత కార్ల మ్యూజియం వేరే ఉంది. 2025 అక్టోబరులో అవినాశి రోడ్డు మీద పది కిలోమీటర్ల పైవంతెన తెరిచి దానికి ఆయన పేరు పెట్టారు.

అలారం సంగతి కూడా పూర్తి చేయాలి. బిగించిన మూడో రాత్రి రెండు గంటలకు అది హాస్టలంతా లేచేట్టు అరిచింది. కర్రలు పట్టుకుని పరిగెత్తాం, వార్డెన్ సార్ టార్చి పట్టుకుని వచ్చారు. సీటు మీద పిల్లి. కదలికను పసిగట్టే ముక్కను మరీ నాజూకుగా పెట్టామన్నమాట. వెనుక చిన్న స్క్రూ తిప్పి తగ్గించాం. నిమజ్జనం రోజు డప్పులకు రెండుసార్లు మోగింది, మళ్లీ తగ్గించాం. దసరాకు అన్న ఊరికి వెళ్లి పన్నెండు రోజులకు వచ్చేసరికి బ్యాటరీ నిండుకుంది. బండి పాతది, బ్యాటరీ కూడా పాతది. అలారం నిలబడి ఉన్నంతసేపూ కొద్దికొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటుంది. అందుకని ఇప్పుడు మధ్యలో ఒక స్విచ్చి పెట్టాం, ఎక్కువ రోజులు ఊరికి వెళ్లేటప్పుడు ఆపేయడానికి. ఆ స్విచ్చి ఎక్కడుందో మాత్రం ఇక్కడ రాయం.

అన్న ఇప్పుడు రాత్రిళ్లు కిటికీ దగ్గరకు వెళ్లడం లేదు. కమ్మలు ఇంకా విడిపించలేదు, సంక్రాంతి లోపల విడిపిస్తానంటున్నాడు.

మీ బండ్లకు బిగించుకోవాలనుకునే తమ్ముళ్లు ఆదివారం మా గదికి రండి, కూలి అక్కర్లేదు, చాయి చాలు. ఫ్యూజు లేకుండా మాత్రం ఎవరూ తీగ కలపకండి. స్క్రూడ్రైవర్ల సెట్టు మా దగ్గరే ఉంది. టెస్టు ల్యాంపు పట్టుకెళ్లినవాళ్లెవరో దయచేసి తెచ్చి ఇవ్వండి.